లేచినోళ్ళ జాబితా

3 జులై 2005, ఆదివారం. గద్వాల

ఈ నోటుబుక్కులో మొదటి పదకొండు పేజీలు జాబితా. పన్నెండో పేజీ నుంచి డైరీ. తెలుగులో రాస్తున్నాను కాబట్టి దాచాల్సిన పని లేదు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అబ్బాకు ఉర్దూ వచ్చు. అమ్మీకి అదీ రాదు.

జాబితాలో ఈ రోజుకు ఇరవై తొమ్మిది క్యాసెట్లు చేరాయి. అన్నీ రాక్ బ్యాండ్లవే. అన్నిట్లోనూ చచ్చినవాళ్ళు లేస్తారు. మహేశ్వర్ వాళ్ళ అన్న నెలకోసారి చీరల మూట తీసుకుని హైదరాబాద్ పోతాడు. వచ్చేటప్పుడు కోఠిలో పాత క్యాసెట్లు అమ్మేవాడి దగ్గర ఏరుకొస్తాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అట్ట మీద పుర్రె ఉంటే చాలు. ఒకసారి అలాగే పుర్రె చూసి తెచ్చాడు. ఇద్దరం చెరో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎవరో డాక్టరు అరగంట సేపు సిగరెట్లు మానేయమని చెప్పాడు.

బ్యాండ్ల పేర్లకు మాకు నోరు తిరగదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. నార్వే వాళ్ళు మంచు ముర్దాలు, అంటే మంచు శవాలు. వాళ్ళ ఆల్బంలో సముద్రంలో పోయిన జాలర్లు మంచు పగలగొట్టుకుని ఒడ్డుకు వస్తారు. అమెరికా వాళ్ళు పెండ్లి ముర్దాలు. సమాధుల పక్కనే పెండ్లి జరుగుతుంటే వంటల వాసనకు లేచి వచ్చి బంతిలో కూర్చుంటారు. అన్నీ గంతులేసే పాటలు. జర్మనీ వాళ్ళది ఆల్బం మొత్తం ఒకటే కథ. యుద్ధంలో చచ్చిన సిపాయి నడుచుకుంటూ ఇంటికి వస్తాడు. భార్య తలుపు తీసి, గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా గిన్నెలో సూపు పోస్తుంది. అది ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అట్ట లోపలి కాగితం మీద పాటలు అచ్చేసి ఉంటాయి. డిక్షనరీ పెట్టుకుని చదివి జాబితాలో ఎక్కిస్తాను. నాలుగు గళ్ళు: పేరు, దేశం, ఎందుకు లేచారు, మొదట ఏది కదిలింది. నాలుగో గడి నా సొంతం. పదమూడింటిలో మొదట చెయ్యి కదులుతుంది, ఎనిమిదింటిలో కళ్ళు. ఆరింటిలో తిన్నగా లేచి కూర్చుంటారు. రెండింటిలో చెప్పలేదు.

మహేశ్వర్ నవ్వుతాడు. "అరే యాసర్, అందరు గిటారు ఎట్ల గొట్టిండ్రో ఇంటరు. నువ్వేందిరా, ముర్దా ఎట్ల లేచిందో ఇంటవు."

ఊరికే ఆసక్తి అన్నాను. ఊరికేనే.

మా బ్యాండు పేరు కూడా ముర్దానే. ముగ్గురం వనపర్తిలో పాలిటెక్నిక్ మూడో ఏడు. మహేశ్వర్‌ది గిటారు. ఖిల్లా ఘణపూర్ బాలరాజు డ్రమ్ములు. నేను పాడతాను, పాటలూ నేనే రాస్తాను. సెలవు రోజు గద్వాలలో మహేశ్వర్ వాళ్ళ మగ్గం గదిలో ప్రాక్టీసు. వాళ్ళ నాన్న బుచ్చన్న మా కోసం మగ్గం ఆపడు. ఈరోజు రెండో పాట అయ్యాక మాత్రం ఆపి అన్నాడు: "మీ పాటల సచ్చినోళ్ళు లేస్తరో లేవరో గాని, పండుకున్న మా అమ్మ లేచి కూసున్నది. ఇగ ఆమెను మీరే పండవెట్టుండ్రి."

10 జులై, ఆదివారం. వనపర్తి హాస్టల్

వార్డెన్ గదికి అమ్మీ ఫోన్ చేసింది. అబ్బాకు కుడి చెయ్యి పడిపోయిందట. శుక్రవారం నమాజుకు లేవబోతే లేవలేదట. రెండు రోజుల తర్వాత నాకు చెప్పింది. పరీక్షలున్నాయి, శనివారం వస్తానన్నాను. పరీక్షలు లేవు.

16 జులై, శనివారం. అచ్చంపేట

అబ్బా నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతోంది. దవాఖానలో పక్షవాతం అన్నారట, చెయ్యి వరకే ఆగినందుకు సంతోషించమన్నారట. అబ్బా ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. చంటిపిల్లను పెట్టుకున్నట్టే ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు.

హాస్టల్లో మా అబ్బాకు పరుపుల దుకాణం ఉందని చెప్పాను. అది అబద్ధం కాదు. దూది ఏకుతాడు, పరుపులు కుడతాడు. రెండో పని ఒకటుంది, అది చెప్పలేదు. అచ్చంపేటలో, బల్మూర్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో మనవాళ్ళలో మగవాళ్ళు ఎవరు పోయినా స్నానం చేయించేది అబ్బానే. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు.

సాయంత్రం బల్మూర్ నుంచి ఉవైస్ చిచా వచ్చాడు. ఆయనది అక్కడ చాయ్ హోటల్. మూడేళ్ళుగా అబ్బాకు ఈ పనిలో రెండో మనిషి ఆయనే. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు నీళ్ళు పోసి కడుగుతుంటే ఒకరు పట్టుకోవాలి. చిచా నా జుట్టు చూసి, "ఏంరా, మంగలోళ్ళు అందరు వనపర్తి ఇడిసిపెట్టి పోయిండ్రా?" అన్నాడు. తర్వాత అబ్బా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"జాఫర్ భాయ్, పరేషాన్ గాకు. ఎడమ చేత్తోటి నువ్వు కడుగు. లేపుడు, తిప్పుడు నేను జూస్కుంట."

"నువ్వు గూడ ముసలోనివి అయితున్నవ్," అన్నాడు అబ్బా.

"అయితున్న. నేను పోయిన్నాడు ఎవడు వడుతడో మరి."

ఇద్దరూ నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదు.

24 జులై. వనపర్తి

ముప్పయ్యోది వచ్చింది. మెక్సికో. ఊళ్ళో చచ్చినవాళ్ళంతా ఏడాదికి ఒక రోజు లేచి తమ ఇళ్ళు తామే ఊడ్చుకుంటారు. మొదట కదిలింది చెయ్యి. చెయ్యి పద్నాలుగు అయింది.

7 ఆగస్టు, ఆదివారం. అచ్చంపేట

అబ్బా బల్మూర్ పోదామన్నాడు. బస్సులో తీసుకుపోయాను. ఉవైస్ చిచా హోటల్లో పెద్ద టేప్‌రికార్డర్ ఉంది, ఎప్పుడూ ఖవాలీలు మోగుతుంటాయి. నా జేబులో ఉన్న క్యాసెట్టు లాగి, "ఏం పాటలురా గివి?" అని అందులో వేశాడు. జర్మనీ సిపాయి. మొదటి పాటే అరుపుతో మొదలవుతుంది. హోటల్లో పనిచేసే యాదయ్య తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవరినన్న కోస్తున్నరా ఏంది?"

నేను అర్థం చెప్పాను. చచ్చిన సిపాయి, నడక, ఇల్లు, భార్య, సూపు. చిచా గరిటె పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"మంచిగుంది. అయితే వాణ్ణి లేపింది ఎవడు?"

"ఎవరూ లేపరు చిచా. వాడే లేస్తాడు."

"గదే అబద్ధం. మూడేండ్ల సంది వట్టుకుంటున్న, ఒక్కడు గూడ సొంతంగ లేవలె. మనం లేపితేనే లేస్తరు. అది గూడ బియ్యం బస్తా కంటె బరువుంటరు." అందరూ నవ్వారు. చిచా నా వైపు తిరిగి నవ్వకుండా అన్నాడు: "నన్ను మాత్రం నువ్వే పట్టాలె బేటా. మీ అబ్బా చెయ్యి గిట్లయిపాయె. మంది ఉన్నరు గాని తఖ్తా కాడికి రమ్మంటే ఒక్కడు రాడు."

తఖ్తా అంటే స్నానం చేయించే చెక్క బల్ల. మసీదులో గోడకు ఆనించి ఉంటుంది.

నేను ఏదో ఒకటి అని ఉండాల్సింది. అబ్బా, "చాయ్ సల్లగయితుంది, తాగు," అన్నాడు. తాగాను.

వచ్చేటప్పుడు క్యాసెట్టు అడిగితే చిచా ఇవ్వలేదు. "సిపాయిని ఈడ ఉండని. మళ్ళొచ్చినప్పుడు తీస్కపో."

15 ఆగస్టు, సోమవారం. వనపర్తి

సాయంత్రం కల్చరల్ ప్రోగ్రాంలో మా బ్యాండు. ఒకటిన్నర పాట పాడాం. రెండో పాటలో నేను మొదటి కేక పెట్టగానే ముఖ్య అతిథి ఎక్కడో నిప్పంటుకుందనుకుని కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవడం చూసి ముందు వరస లేచింది. ఎవరో వెళ్ళి కరెంటు తీసేశారు. బాలరాజు చీకట్లో ఇంకో నిమిషం డ్రమ్ములు వాయించాడు.

అసలు సంగతి అది కాదు. ప్రోగ్రాంకు ముందు, స్టేజీ వెనక. మహేశ్వర్ ముర్దాలాగా తయారవ్వాలి. బాలరాజు పౌడరు పూసి, కాటుక పెట్టి, తలకు తెల్లగుడ్డ చుట్టాడు. దెబ్బ తగిలిన క్రికెటర్‌లాగా ఉన్నాడు. అలా కాదన్నాను. మహేశ్వర్‌ను బల్ల మీద పడుకోబెట్టాను. గుడ్డ చించి పేలిక తీసి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి కట్టాను, నోరు తెరుచుకోకుండా. ముక్కుల్లో, చెవుల్లో దూది పెట్టాను. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి ముడేశాను. కళ్ళు మూసి రెప్పల మీద వేళ్ళు పెట్టి కాసేపు ఉంచాను. రెండు మూడు నిమిషాలు పట్టిందేమో.

తలెత్తి చూస్తే బాలరాజు తలుపు దగ్గర ఉన్నాడు. మహేశ్వర్ ముడి లాక్కుని లేచి కూర్చున్నాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"నీకు గివన్ని ఎట్ల తెలుసురా?"

చెప్పాను. ఇంకేం చెప్పను?

"పరుపుల దుకాణం అంటివి గదరా."

"అది కూడా ఉంది."

దూది తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "మా నాయన మగ్గం నేస్తడని నేను దాస్తినా? రెండేండ్ల సంది మా ఇంట్ల తింటున్నవు. ముర్దాల మీద ముప్పై క్యాసెట్లు ఏరినవు. గీ ముచ్చట మాత్రం జెప్పలే." దూది కింద పడేసి, "నువ్వు గూడ పట్టినవా ఎప్పుడన్న?"

లేదన్నాను.

17 ఆగస్టు

లేదన్నాను. పట్టాను. ఒకసారి.

21 ఆగస్టు, ఆదివారం. వనపర్తి

గద్వాల పోలేదు. తలనొప్పి అని చెప్పాను.

రాసేస్తే పోతుంది. అబ్బా ఈ పనిలో నాకు చెప్పిన మొదటి మాట, తఖ్తా దగ్గర చూసింది బయట చెప్పకూడదు. పోయినవాడి ఒంటి మీద మచ్చ ఉన్నా, పుండు ఉన్నా, ముఖం ఎలా ఉన్నా, అది అక్కడే మరిచిపోవాలి. అందుకని దాదా ఎలా ఉన్నాడో రాయను. నేను ఏం చేశానో రాస్తాను.

మూడేళ్ళ కింద. దాదా అంటే అబ్బాకు నాన్న. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికే పోయాడు. అబ్బా నన్ను పిలిచి, "నీ దాదాను పరాయోళ్ళు ఎందుకు పట్టాలె, నువ్వే పట్టు," అన్నాడు. నాకు గర్వంగా ఉండింది. పెరట్లో నాలుగు వైపులా దుప్పట్లు కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్ళు. కుడి పక్క కడిగాం, ఎడమ పక్క కడిగాం. నేను బాగానే చేశాను. అబ్బా చెప్పింది చెప్పినట్టు చేశాను.

తర్వాత లేపాలి. వెనక కూర్చుని, చంకల కింద చేతులు పెట్టి, నా ఛాతీకి ఆనేలా సగం కూర్చోబెట్టాలి. అప్పుడు అబ్బా కడుపు మీద మెల్లగా నొక్కుతాడు. లోపల ఏమన్నా మిగిలి ఉంటే వచ్చేస్తుంది, అప్పుడు మనిషి శుభ్రంగా పోతాడు. నొక్కినప్పుడు నోట్లోంచి గాలి రావచ్చు, చప్పుడు రావచ్చు, భయపడకు అని అబ్బా ముందే చెప్పాడు. నాకు తెలుసు. ముందే తెలుసు.

లేపాను. దాదా లేచి కూర్చున్నాడు. అబ్బా చెయ్యి వేశాడు. దాదా "హ్..." అన్నాడు. బజారు నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డప్పుడు ఎప్పుడూ అనే మాదిరిగానే అన్నాడు.

నేను వదిలేశాను.

తల చెక్కకు తగిలింది. టక్ అని.

దుప్పటి కింద నుంచి దూరి పరిగెత్తాను. బస్టాండులో సిమెంటు బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. మట్టి వేయడానికి కూడా పోలేదు. ఇంటికి వస్తే ఎవరూ ఏమీ అనలేదు. అమ్మీ అన్నం పెట్టింది. అబ్బా ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ మాట ఎత్తలేదు. తర్వాతి నెలలో ఎవరో పోతే ఉవైస్ చిచాను పిలిచాడు. నన్ను మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

ఆరు నెలల తర్వాత మొదటి క్యాసెట్టు కొన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

22 ఆగస్టు

రాసినా పోలేదు.

28 ఆగస్టు, ఆదివారం. గద్వాల

ముప్పై ఒకటోది. ఇటలీ. దొరసాని, పాడుబడ్డ గడీ. మొదట కళ్ళు.

మహేశ్వర్ ఆ రోజు తర్వాత నన్ను ఏమీ అడగలేదు. వాళ్ళ నాన్నమ్మ రామేశ్వరమ్మకు చెప్పినట్టున్నాడు. ఆమె నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. "మీ నాయన పుణ్యాత్ముడు బిడ్డ. మా దాంట్ల గట్ల జేసేటోళ్ళు ఉంటే నాకు గీ రంది ఉండకపోవు." ఏం రంది అని అడిగాను. "ఏముంటదిరా, సన్నీళ్ళు పోస్తరేమోనని," అంది.

అబ్బా ముందు ఎడమ చేత్తో నీళ్ళు ముట్టుకుని చూస్తాడు. గోరువెచ్చగా ఉంటేనే పోస్తాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. అది చెప్పొచ్చనుకుంటాను.

1 సెప్టెంబరు

అమ్మీ ఫోన్. ఉవైస్ చిచాకు ఛాతీలో నొప్పి, నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉండి వచ్చాడట. ఇప్పుడు బాగానే ఉందట, హోటల్ తెరిచాడట. ఆదివారం పోయి చూసి వస్తాను.

5 సెప్టెంబరు, సోమవారం. అచ్చంపేట

నిన్న పొద్దున ఏడింటికే వార్డెన్ తలుపు కొట్టాడు. ఉవైస్ చిచా తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేవలేదు.

బస్సెక్కాను. నాగర్‌కర్నూల్‌లో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. అచ్చంపేట బస్సు వచ్చింది, ఎక్కలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. చిచాకు కొడుకులు లేరు. కూతురు జబీన్‌ను రాయచూరు ఇచ్చారు, అల్లుడు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఎవరో ఒకరు పట్టుకుంటారులే అనుకున్నాను. ఊరన్నాక ఇంతమంది ఉంటారు. తర్వాత, తఖ్తా కాడికి ఒక్కడు రాడు అని చిచా అన్నది గుర్తొచ్చింది. ఏడుపు రాకుండా ఉండడానికి ఎదురుగా గోడ మీద ఉన్న బస్సుల టైములన్నీ చదివాను. రెండో బస్సు ఎక్కాను.

బల్మూర్ చేరేసరికి పన్నెండున్నర. ఇంటి వెనక దుప్పట్లు కట్టి ఉన్నాయి. బయట పదిమంది మగవాళ్ళు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. నేను రాగానే అందరూ తలలెత్తారు. లోపల అబ్బా ఒక్కడే, స్టూలు మీద. ఎడమ చెయ్యి బకెట్లో ఉంది. నీళ్ళు చల్లారిపోతే మళ్ళీ కాయించాడట, అది రెండోసారి. ఎవరి కోసం ఆగాడో ఎవరికీ చెప్పలేదట.

"వచ్చినవా? చేతులు కడుక్కో," అన్నాడు.

చూసింది రాయను.

కుడి పక్క, ఎడమ పక్క. అబ్బా ఎడమ చేత్తో మెల్లగా కడుగుతుంటే నేను తిప్పి పట్టుకున్నాను. మాకు చాలాసేపు పట్టింది. అబ్బా తొందరపడలేదు. తర్వాత, "ఇగ లేపు," అన్నాడు.

వెనక కూర్చున్నాను. చంకల కింద చేతులు పెట్టాను. లేపాను. చిచా చెప్పింది నిజమే, బియ్యం బస్తా కంటే బరువు. వెనక్కి వాలి, తల నా భుజం మీద పెట్టాడు. బస్సులో పక్కనున్నవాడు నిద్రపోయి మన మీద వాలతాడు, అంతే. నా చొక్కా తడిసింది. ఆయన జుట్టు నా చెంపకు తగిలింది. అబ్బా చెయ్యి వేశాడు.

చప్పుడు వస్తుందని తెలుసు. ఎదురుచూస్తున్నాను. వచ్చింది.

పట్టుకునే ఉన్నాను. నా చేతులు వణికాయి, నాకు ఏడుపు వచ్చింది, ముక్కు కారింది, తుడుచుకోవడానికి చేతులు లేవు. పట్టుకునే ఉన్నాను. అబ్బా నా ముఖం వైపు చూడలేదు.

"జర ముందుకు." వంచాను.

"ఆఁ. చాలు. ఇగ పండవెట్టు. మెల్లగ."

ఒక అరచెయ్యి తల కింద పెట్టి దించాను. నా చేతి వేళ్ళు చెక్కకు ఆనాయి. చప్పుడు కాలేదు.

తర్వాత కర్పూరం నీళ్ళు, కఫన్. అబ్బా చెబుతుంటే మూడు గుడ్డలూ నేనే వేశాను. గడ్డం కింద పేలిక కట్టేటప్పుడు ముడి మొదటిసారికే సరిగా పడింది. మట్టి కూడా వేశాను. మూడు పిడికిళ్ళు.

వచ్చేటప్పుడు జబీన్ ఆపా క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. "నీదేనంట గద? పొద్దున దుకాణం తెర్వంగనే అబ్బా గిదే వెడుతుండెనంట. గిరాకీ లేచిపోతుందని యాదయ్య లొల్లి వెట్టినా ఇనకపోతుండెనంట." ఆమె ముఖం ఏడ్చి ఉబ్బి ఉంది, అయినా చెబుతూ నవ్వింది. క్యాసెట్టు ఉంచుకోమన్నాను. ఏం చేసుకోను అంది. ఉంచుకోమన్నాను.

6 సెప్టెంబరు

పొద్దున అబ్బా దుకాణంలో కూర్చుని ఎడమ చేత్తో సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కడం లేదు. తీసుకుని ఎక్కించాను. ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ అడగలేను అనిపించింది.

"అబ్బా, దాదా రోజు నేను వదిలేసిన సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? అమ్మీకి కూడా చెప్పలేదు."

అబ్బాకు వెంటనే అర్థం కానట్టుంది. సూది వైపు చూశాడు, నా వైపు చూశాడు. మూడేళ్ళు నేను మోసింది ఆయన మోయనేలేదని నాకు అప్పుడు తెలిసింది.

"తఖ్తా కాడ జూసింది బయటికి జెప్పొద్దని నేనే జెప్పి, నేనే జెప్తనా?"

"అది పోయినవాళ్ళ గురించి కదా."

"తఖ్తా కాడ ఉన్నోళ్ళందరికి గదే," అన్నాడు. సూది తీసుకుని పరుపు మీదికి వంగాడు. "మళ్ళెందుకు పిలవలేదని అడుగుతలేవేంది? నువ్వు పిలిస్తె వచ్చేటోనివి గాదు. మొన్న ఎవడు పిలిస్తె వచ్చినవ్?"

ఉవైస్ చిచా పిలిచాడు అనబోయాను. ఇంకో సూది తీసి దారం ఎక్కించాను.

11 సెప్టెంబరు, ఆదివారం. గద్వాల

మహేశ్వర్ వాళ్ళన్న జపాన్ క్యాసెట్టు తెచ్చాడు. ముప్పై రెండోది అని మహేశ్వర్ నోటుబుక్కు తీసుకుని జాబితా పేజీ తిప్పాడు. ముప్పై రెండో నంబరు ముందే నిండి ఉంది.

"ఇదెప్పుడు ఎక్కించినవురా, నాకు ఇనిపియ్యకుండ?" అని పైకి చదవడం మొదలుపెట్టాడు. "పేరు కాడ గీత. దేశం, బల్మూర్. బల్మూర్ ఏందిరా? ఎందుకు లేచిండు, శుభ్రంగా పోవడానికి."

అక్కడ ఆగి నా వైపు చూశాడు. పక్కన బుచ్చన్న మగ్గం నడుస్తూనే ఉంది. మహేశ్వర్ మళ్ళీ వంగి నాలుగో గడి చదివాడు, ఈసారి పైకి చదవలేదు.

మొదట ఏది కదిలింది: నా చేతులు.